నానమ్మకి రెండు పూతలు

సోమవారం

పూజ్యులైన పెదనాన్నగారికి మీ తమ్ముడి కూతురు నమస్కరించి రాసేది.

ఈ ఉత్తరం చూసి మీరు ఆశ్చర్యపోతారని తెలుసు. మీకూ నాన్నకీ పదేళ్ళుగా మాటల్లేవు. మీ అబ్బాయి పెళ్ళికి నాన్న మీకు కుట్టిన కోటుకి ఒక చెయ్యి పొట్టిదైందని మీరు నలుగురిలో అన్నారు. మీ చెయ్యే ఒకటి పొడుగని నాన్నన్నాడు. ఆ గొడవలోకి నేను రాను. కాకపోతే టేపు అబద్ధమాడదు.

విషయం ఏమిటంటే, ఆసుపత్రిలో డ్యూటీ అయ్యాక ఖాళీగా కూర్చోలేక స్క్రోల్ సా మిషన్ ఒకటి కొన్నాను. కుట్టుమిషన్ సూదిలా సన్న రంపం పైకీ కిందికీ ఆడుతుంటే, చెక్కని గీత వెంబడి తిప్పుకుంటూ కొయ్యాలి. కుట్టుపని తెలిసినవాళ్ళకి వారంలో పట్టుబడుతుంది. నానమ్మ పాత ఫోటో ముందు పెట్టుకుని మామిడి చెక్కలో ఆవిడ ముఖం కోశాను. మూడు నెలలు పట్టింది. కళ్ళద్దాలు, నుదుటి ముడతలు, చెవి పక్కన రేగిన వెంట్రుకలు, అన్నీ సన్న సన్న కన్నాలుగా వచ్చాయి. గోడకి ఆనించి చూస్తే "ఏం, తిన్నావా?" అని అడుగుతున్నట్టే ఉంది.

ఇప్పుడు దానికి నూనె పట్టించాలట. కొట్టతను నాలుగు రకాల సీసాలు ముందు పెట్టాడు. పక్కింటావిడ వంటనూనె చాలంటోంది. నలభై ఏళ్ళు పాలిష్ మేస్త్రిగా చేసిన మిమ్మల్ని కాక ఇంకెవరిని అడగను? ఒకసారి పాడైతే ఆ ముఖం మళ్ళీ కొయ్యడం నా వల్ల కాదు.

ఇట్లు,
మీ తమ్ముడి కూతురు

తా.క.: జవాబు నా పేరు మీదే రాయండి. ఈ సంగతి నాన్నకి తెలీదు. తెలిస్తే ఊరుకోడు, పట్టుదల మనిషి. ఆత్మాభిమానం గలవాడు. చాలా మంచివాడు కూడా.


గురువారం

చిరంజీవి అమ్మాయిని పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా ఇంట్లో ఇంకొకళ్ళకి చెక్క మీద మనసు పడిందంటే నమ్మలేకపోయాను. అందులోనూ అమ్మ ముఖం! ఆషామాషీ పని కాదు. శ్రద్ధగా విను.

వంటనూనె జోలికి పోకు. అది ఎన్నాళ్ళకీ ఆరదు. ముక్కిపోయి కంపు కొడుతుంది, చీమలు బారులు తీరతాయి. అవిసె నూనె అయితే గాలి తగిలేకొద్దీ చెక్కలోనే గట్టిపడుతుంది. ఉడికించినదే వాడు. పచ్చిది వారాల తరబడి తడితడిగానే ఉంటుంది. ముందు చెక్కని సన్నటి గరుకు కాగితంతో రుద్దు. దుమ్మంతా దులుపు. కోయగా మిగిలిన ముక్క మీద రాసి రంగు చూసుకో. నచ్చితే కుంచెతో పల్చగా, కన్నాల లోపలి అంచులకి కూడా అంటేలా పట్టించు. పావుగంట ఆగి, మిగిలిన నూనెంతా గుడ్డతో తుడిచెయ్యి. ఆరాక రెండో పూత వెయ్యి. అంతే, బ్రహ్మవిద్యేం కాదు.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క.: మీ నాన్న సలహా మాత్రం అడక్కు. వాడిది గుడ్డ బుర్ర. తిట్టు కాదు, గుడ్డలు కుట్టే బుర్ర అని నా భావం.


మంగళవారం

పెదనాన్నగారికి నమస్కారం. ఈసారి 'పూజ్యులైన' అని ఎందుకు రాయలేదో చదివితే మీకే తెలుస్తుంది.

ఉడికించిన నూనె అన్నారు కదా. అవిసె నూనె తెచ్చి గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను. ఇల్లంతా పొగ. పైవాటా వాళ్ళు స్నానాలు సగంలో ఆపి తడి తలలతో మెట్లు దిగి వీధిలోకి పరిగెత్తారు. అమ్మ నన్ను వంటింట్లోంచి వెలివేసింది, ఇప్పటికీ గడప దాటనివ్వడం లేదు.

పోనీ, అది నా తలరాత. తర్వాతంతా మీ మాట ప్రకారమే చేశాను. "ఆరాక రెండో పూట వెయ్యి" అని రాశారు. పొద్దున ఒక పూట వేశాను. సాయంత్రం గడియారం చూసుకుని, ఆరయ్యాక రెండో పూట వేశాను. ఎన్నాళ్ళు వెయ్యాలో మీరు రాయలేదు కాబట్టి ఎనిమిది రోజులు, మందు వేసినట్టు, ఒక్క పూట కూడా తప్పలేదు. "పావుగంట ఆగి" అన్న చోట మీ బొటనవేలి నూనె మరక పడి తర్వాతి లైను మొత్తం మునిగిపోయింది. అందుకని పావుగంట ఆగాను. ఊరికే ఆగాను.

ఇప్పుడు నానమ్మ ముఖం బెల్లప్పాకంలా జిగటగా ఉంది. ముట్టుకుంటే వేలు రానంటోంది. కళ్ళద్దాల కన్నాలు నూనెతో పూడుకుపోయాయి, ముడతలన్నీ నిండిపోయాయి. సలహా అడిగింది ముఖం నిలబెట్టుకోవడానికండీ, పోగొట్టుకోవడానికి కాదు. మీ దస్తూరి అలా ఉంటే నాన్నది గుడ్డ బుర్రెలా అవుతుంది?

ఇట్లు,
మీ తమ్ముడి కూతురు

తా.క.: నిన్న పక్కింటి పిల్లి వచ్చి బొమ్మకి ఒళ్ళు రుద్దుకుని పోయింది. నానమ్మకి ఇప్పుడు మీసముంది.


శుక్రవారం

ఓసి పిచ్చితల్లీ,

పూట కాదే, పూత! తలుపులో త! తమ్ముడులో త! ఒకసారి పూయడాన్ని పూత అంటారు. ఆరడమంటే తడి ఆరడం, గడియారంలో ఆరు కొట్టడం కాదు. ఉడికించిన నూనె అని డబ్బా మీద రాసే అమ్ముతారు. దాన్ని ఎవరైనా పొయ్యి మీద పెడతారా? నా నలభై ఏళ్ళ సర్వీసులో అంత పని చేసినవాణ్ణి చూడలేదు. నా దస్తూరికి బళ్ళో బహుమతి వచ్చింది. కావాలంటే మీ నాన్ననే అడుగు, ఆ రోజు వాడు కుళ్ళుకుని అన్నం మానేశాడు.

సరే, కంగారుపడకు. చెక్క ఇంకా చెక్కే. గుడ్డని టర్పెంటైన్‌లో తడిపి మెల్లగా తుడువు. జిగట కరిగి వస్తుంది. కన్నాల్లోకి పాత పళ్ళ బ్రష్షు పోనివ్వు. అది దూరని చోట పిన్నీసు వాడు, కానీ గీరకు. మీసం దానంతటదే ఊడుతుంది. గాలి ఆడే చోట వారం రోజులు వదిలెయ్. వేలికి అంటకపోతే గరుకు కాగితంతో ఒక్కసారి పైపైన రుద్ది, అప్పుడు ముందు ఒక్క పల్చటి పూత వేసి, పావుగంటాగి, తుడిచెయ్యి. తుడిచెయ్యి! ఈ మాట మీద ఈసారి మరక లేదని మూడుసార్లు చూశాను. రెండో పూత అది పూర్తిగా ఆరాకే.

అమ్మ ముఖం బాగుపడిందని రాసేదాకా నాకు ముద్ద దిగదు.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క.: అన్నిటికన్నా ముఖ్యమైనది మర్చిపోయాను. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పెట్టకు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట తీగ మీద విడివిడిగా ఆరెయ్, లేదా నీళ్ళ బకెట్లో పడెయ్. ఈ ముక్క చదివాకే పై ఉత్తరం చదువు.


బుధవారం

పూజ్యులు, ప్రాణదాత అయిన పెదనాన్నగారికి శతకోటి నమస్కారాలు.

ముందు అందరం క్షేమమని రాస్తున్నాను, తర్వాత సంగతి చదవండి. మీ ఉత్తరం అందిన రోజే పని మొదలుపెట్టాను. తా.క. దాకా రాకుండానే. తుడిచి తుడిచి, ఆ గుడ్డలన్నీ ఉండచుట్టి, కుట్టుమిషన్ కింద బట్టల కత్తిరింపులున్న అట్టపెట్టెలో కుక్కాను. ఆ తర్వాత తిని, ఓ కునుకు తీసి, తీరుబడిగా కూర్చుని మీ తా.క. చదివాను. వంగి పెట్టెలో చెయ్యి పెడితే రొట్టెల పెనంలా కాలుతోంది. పైముక్క ఎత్తేసరికి పొగ! పెట్టె పళంగా ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తి బకెట్ నీళ్ళు గుమ్మరించాను. చొక్కా చెయ్యి కొంచెం మాడింది. ఒంటికేం కాలేదు. మీరు ఆ నాలుగు ముక్కలు రాయకపోతే ఇల్లు, మిషను, బొమ్మ అన్నీ బూడిదే.

వారం ఆగి, చెప్పినట్టే ఒక్క పూత వేసి తుడిచాను. పెదనాన్నా, ఏం రంగు తేలిందనుకున్నారు! తేనె రంగు. ముడతలన్నీ మళ్ళీ విచ్చుకున్నాయి. కళ్ళద్దాల వెనక అమ్మ, అదే మా నానమ్మ, చూసినట్టే ఉంది. ఊపిరి పీల్చుకున్నాను.

రెండో పూత మాత్రం వెయ్యలేకపోతున్నాను. కుంచె నూనెలో ముంచడం, తుడిచి మళ్ళీ పక్కన పెట్టెయ్యడం, ఇదే పనైంది. మళ్ళీ చెడగొడతానేమోనని భయం. ఒక్క పూతతో వదిలేస్తే పర్లేదా?

ఇట్లు,
మీ తమ్ముడి కూతురు

తా.క.: పొగ లేచాక ఇంక దాచేదేముంది, నాన్నకి అంతా తెలిసిపోయింది. మీరెలా ఉన్నారని అడిగాడు. అంటే, అడగలేదు. అడిగే ముఖం పెట్టాడు.


సోమవారం

ఒరేయ్ తమ్ముడూ,

నిన్న పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. ఎదురుగా నీ కూతురు, చేతిలో సూట్‌కేసు. ఏదో ట్రైనింగుకి ఈ ఊరు వచ్చిందట.

"రా తల్లీ! నానమ్మ మీసం పూర్తిగా పోయిందా?" అన్నాను.

పిల్ల బిత్తరపోయింది. "ఎవరి మీసం పెదనాన్నా?"

"అదేనే, నువ్వు కోసిన బొమ్మకి."

"నేనా! నాకు సూదిమందు ఇవ్వడం తప్ప ఇంకేం రాదు. ఏడాదై వేరే ఊరి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. బొమ్మలు కోసేది నాన్న. కుట్టు దుకాణం మూసేశాక నెల్లాళ్ళు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అమ్మే పోరు పెట్టి ఆ మిషన్ కొనిపించింది."

వెనకనుంచి కిసుక్కుమని చప్పుడు. తిరిగి చూస్తే మీ వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"మొదటి ఉత్తరం కవరు చూసినప్పుడే. మీ తమ్ముడి రాత మీరు పోల్చుకోకపోతే నేనేం చెయ్యను?"

"చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు రాయడం మానేసేవారు. అతనూ మానేసేవాడు. పదేళ్ళకి ఇద్దరూ మాట్లాడుకుంటుంటే మధ్యలో నేనెందుకు తల దూర్చడం?"

కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. రాలేదు. నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. పడుచు పిల్ల పెట్టె ఎత్తుకుని పరిగెత్తిందనుకున్నప్పుడు ధైర్యంగానే చదివాను. అరవై రెండేళ్ళ మోకాళ్ళ నొప్పుల మనిషివి, నువ్వు పరిగెత్తావని తెలిశాక చదువుతూ, ఒంటికేం కాలేదన్న ముక్క నాలుగుసార్లు చూసుకున్నాను. నీకేమన్నా అయుంటే, చివరిసారి నీతో అన్నది కోటు చెయ్యి గురించి అయ్యేదిరా. ఎంత గండం గడిచింది!

ఒక్క పూతతో వదలకు. అలాగని నువ్వూ ముట్టుకోకు. శనివారం పొద్దుటి బస్సుకి కుంచె పట్టుకుని నేనే వస్తున్నాను. నేను వేస్తుంటే పక్కన నిలబడు. మాట్లాడకుండా నిలబడు. లేదా మాట్లాడు, పర్వాలేదు.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క.: తమ్ముడి కూతురికని చెప్పి మీ వదిన నెల రోజులుగా గులాబీ రంగు స్వెట్టర్ అల్లుతోంది. "ఆడపిల్లకి ఇంతేసి భుజాలేమిటే?" అని నేనడిగితే "పెరిగే పిల్ల" అంది. రేపటికి అయిపోతుంది. నీ కొలతలేనట. శనివారం నేను బస్సు దిగేసరికి వేసుకుని నిలబడాలని ఆవిడ ఆజ్ఞ, అందుకని ఈ ఉత్తరం దాంతోపాటే రేపు పంపిస్తున్నాను.