బండి పోయేదాకా

సలీం,

నువ్వు పోయి నిన్నటికి మూడేళ్లు. మన పాటలకు ఇప్పుడు జనం టికెట్లు కొని మరీ వస్తున్నారురా! నిన్న సాయంత్రం మైదానం నిండిపోయింది. మన మొదటి పాట పాడాను.

చిలకలగూడలో మీ మిద్దె మీద, ఆరేసిన బట్టల మధ్య కట్టిన పాట. నువ్వు రాసేవాడివి, నేను గిటార్ మీద వరస కట్టేవాణ్ని. ఫోన్‌లో రికార్డు చేసుకుంటుంటే రెండో చరణం మధ్యలో ప్రతిసారీ రైలు కూసేది. నువ్వు చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు జెర, బండి పోనియ్" అనేవాడివి. అలా ఆగీ ఆగీ ఆ ఖాళీ పాటలోనే ఉండిపోయింది.

మొన్న రిహార్సల్‌లో మా కొత్త డ్రమ్మర్ స్వాతి, "అన్నా, గీడ ఖాళీ ఎందుకు? నేనేమన్న కొట్టాల్నా?" అని అడిగింది.

"వద్దు చెల్లె, గాడ బండి పోతది" అన్నాను.

నిన్న ఆ చోటుకు రాగానే చెయ్యి అడ్డం పెట్టాను. నాతో పాడుతున్న వేల గొంతులూ ఆగాయి. గాలికి మీ మిద్దె మీది బట్టలు ఊగినట్టే అనిపించింది.

స్వాతి కర్రలు పైకెత్తి నావైపే చూస్తోంది. బండి ఎంతకీ పోలేదు. చెయ్యి దించలేకపోయాను.