పెదవుల మధ్య అరచంద్రం

2016 అక్టోబర్ 9, ఆదివారం

బెస్ బురద బూట్లతోనే వంటగదిలోకి వచ్చి నిలబడింది. ముఖం చూస్తేనే తెలిసింది, మళ్లీ ఆగిపోయిందని. రాళ్ల మీద నెమ్మదిగా పోనిస్తే చాలు, కొత్త మోటార్‌సైకిల్ ఇంజన్ చచ్చిపోతోందట. వచ్చే శనివారమే మా లోయలో ట్రయల్ పోటీ. అందులో వేగంతో పని లేదు. వాగులూ బండలూ కాలు కింద పెట్టకుండా ఎక్కాలి. కాలు పెడితే ఒక తప్పు, ఆగిపోతే అయిదు. మా మనవరాలికి పందొమ్మిదేళ్లు, అయిదు అంకె అంటే అసహ్యం.

తాతయ్యా, ఫ్లైవీల్‌కి బరువు తగిలించవా అని అడిగింది. ఆర్నాల్డ్ ముఖం వెలిగిపోయింది. యార్క్‌షైర్‌లో ఈ మూల సగం బళ్లకు బరువులు తగిలించింది ఆయనే. ఇంజన్ పక్కన తిరిగే చక్రానికి ఉక్కు కడియం బిగిస్తే, ఆ ఊపుతో ఇంజన్ ఎంత నెమ్మదిగా తిరిగినా ఆగదు. ముప్పై ఒక్క ఏళ్లు స్కూల్లో ఫిజిక్స్ చెప్పాను కనుక ఇంకా సులువుగా చెప్పగలను. బరువున్నది ఓ పట్టాన కదలదు, కదిలితే ఓ పట్టాన ఆగదు. మా ఆయనా అంతే.

అక్టోబర్ 11, మంగళవారం

ఆర్నాల్డ్ కళ్లజోడు రొట్టెల డబ్బాలో దొరికింది. పోయిన వారం కెటిల్ బీరువాలో. డాక్టరమ్మ దగ్గరికి 19న వెళ్లాలి. అంతవరకూ రోజూ ఏం వారమో, ఏ నెలో అడుగుతూ ఉండమంది. ఆ ప్రశ్నలంటే ఆర్నాల్డ్‌కి మంట. నేనేమన్నా నీ క్లాసులో పిల్లాణ్ణా అన్నాడు. పిల్లలైతే జవాబు చెప్పేవాళ్లు అన్నాను.

లేత్ ముందు నిలబడితే మాత్రం ఆ చేతులకు మతిమరుపు లేదు. కడియం తయారైంది. పదకొండు ఔన్సులు. నా వంటింటి త్రాసులో తూచాను. వెంట్రుకవాసి తేడా లేదు.

అక్టోబర్ 13, గురువారం. సాయంత్రం 4

షెడ్డుకి టీ తీసుకెళ్లాను. చక్రానికి కడియం బిగించేశాడు. ఇరుసు కొసకు గరుకు ముద్ద రాసి, దాని మీద చక్రాన్ని అటూ ఇటూ తిప్పి అరగదీస్తున్నాడు, రెండూ సందు లేకుండా అతికేలా. పెదవుల మధ్య అరచంద్రం. అది గోరంత ఇనపముక్క, సగం చందమామలా ఉంటుంది. ఇరుసు గాడిలో అది కూర్చుంటేనే చక్రం పక్కకు జారదు, నిప్పురవ్వ వేళకు పడుతుంది. దర్జీ గుండుసూదులు పెట్టుకున్నట్టు ఆర్నాల్డ్ దాన్ని పెదవుల మధ్య పట్టుకుంటాడు, ఎక్కడా పడిపోకుండా. పెళ్లయిన కొత్తలోనే చెప్పాడు, అరచంద్రం నోట్లో ఉన్నంతసేపూ నన్ను పలకరించకు అని. యాభై రెండేళ్లలో ఈ ఇంట్లో నేను పాటించిన నియమం అదొక్కటే.

ఇవాళ పాటించలేదు. పొద్దుటి నుంచి మూడుసార్లు అడిగితే మూడుసార్లూ తప్పించుకున్నాడు. ఇప్పుడు దొరికాడనిపించింది. ఇవాళ ఏం వారం, చెప్పు అన్నాను. మూలిగాడు. మూలుగువారం అని ఏదీ లేదు అన్నాను. ముక్క నోట్లోంచి తీసి, గురువారమే గయ్యాళీ, గురువారం, ఇక దయచెయ్ అన్నాడు.

కరెక్టే. టీ అక్కడ పెట్టి వచ్చేశాను. చాలా రోజులకు మనసు కాస్త తేలికపడింది.

అక్టోబర్ 14, శుక్రవారం

బెస్ పెరట్లో నడిపి చూసింది. ఆగమన్నా ఆగట్లేదు తాతయ్యా, అచ్చం ట్రాక్టరే అని ఆయన బట్టతల మీద ముద్దు పెట్టింది.

అక్టోబర్ 15, శనివారం

పోటీ దారిలో ఏడో సెక్షన్, క్రో గిల్ వాగు. నలభై ఏళ్లుగా అక్కడ తప్పులు లెక్కరాసే అబ్జర్వర్ని నేనే. చేతిలో కార్డు, పెన్సిలు, మెడలో విజిల్. అబ్జర్వర్ ఎవరికీ చుట్టం కాదు. కన్నకొడుకు క్లైవ్‌కి ఒకసారి అయిదు రాశాను. ఆ క్రిస్మస్‌కి వాడు నాతో మాట్లాడలేదు.

పన్నెండున్నరకు వాడి కూతురు వచ్చింది. వాగు దాటింది, కాలు పెట్టలేదు. ఇంజన్ హాయిగా, నింపాదిగా కొట్టుకుంటోంది. మూడో మెట్టు మనిషెత్తు బండ. ముందు చక్రం అంచు దాటింది. టప్‌మని ఒక్క చప్పుడు. ఆ తర్వాత చప్పుడే లేదు. బండి నిలువునా లేచింది, వెనక్కి ఒరిగింది. కింద రాయి, రాయి మీద బెస్ వీపు, బెస్ మీద బండి.

విజిల్ ఊదినట్టు గుర్తు. తర్వాత నేనేం చేశానో కార్డు చెబుతోంది. బెస్ నంబర్ 64 ఎదురుగా అయిదు వేసి ఉంది. నా చేతిరాతే.

అక్టోబర్ 16, ఆదివారం

నడుము కింద స్పర్శ లేదు.

అక్టోబర్ 19, బుధవారం

ఇక రాదట. డాక్టర్లు చాలా మర్యాదగా చెప్పారు.

బెస్ పైకప్పు చూస్తూ, క్లచ్ తొందరపడి వదిలేశాను నానమ్మా అంది. తాతయ్య బరువు బాగానే పనిచేసింది, తప్పు నాదే, ఆయనకు చెప్పు అంది. కారిడార్‌లో క్లైవ్ కూడా అదే అన్నాడు, దాని తొందరే దాని కొంప ముంచిందని. బండిని వాడే తెచ్చి మా కొట్టంలో పట్టా కప్పాడు. ఎవరూ ముట్టుకోవద్దన్నాడు.

ఆర్నాల్డ్‌ని డాక్టరమ్మ దగ్గరికి ఎవరం తీసుకెళ్లలేదు. బెస్ ఇవాళ రాలేదేం అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ కొత్తగా ఏడ్చాడు. తర్వాత కళ్లు తుడుచుకుని షెడ్డుకి వెళ్లాడు. పక్కింటి డిన్స్‌డేల్ బండి వచ్చి ఉంది, దానికీ బరువు కావాలట.

అక్టోబర్ 22, శనివారం

ఆర్నాల్డ్ షెడ్డు చొక్కా ఉతకడానికి తీశాను. జేబులు తడమడం అలవాటు. ఎప్పుడూ స్క్రూలు, చెమ్మెక్కిన మింట్ బిళ్లలు. ఇవాళ అరచంద్రం.

బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఇలాంటివి ఆయన దగ్గర డబ్బాడు ఉన్నాయి కదా అనుకున్నాను. డబ్బా ఉండేది షెడ్డులో కదా, జేబులో కాదు కదా అని కూడా అనుకున్నాను. కొట్టంలోకి వెళ్లి పట్టా తీశాను. మూత విప్పాను, చక్రాన్ని లాగే పుల్లర్ బిగించాను. యాభై రెండేళ్లు పక్కన నిలబడితే ఆ మాత్రం వస్తుంది. చక్రం ఊడింది. ఇరుసు గాడి ఖాళీ. చుట్టూ కొత్త గీతలు, చక్రం జారి నిప్పురవ్వ వేళ తప్పిన చోట.

అరచంద్రం లేకుండానే, ఒట్టి కంటితో గాడికి గాడి కలిపి బిగించేశాడు. ఎంత సరిగ్గా కలిపాడంటే బండి ఆరు సెక్షన్లు, ఎనిమిది మైళ్లు నడిచింది. ఇంకాస్త చేతగానివాడై ఉంటే పెరట్లోనే ఆగిపోయేది.

లోపలికి వచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పాను. పదమూడో తేదీ. అంతా ఉంది, నా చమత్కారాలతో సహా. ముక్క నోట్లోంచి తీసి, అని రాశాను. తీసి ఎక్కడ పెట్టాడో రాయలేదు. నేను చూడలేదు. నలభై ఏళ్ల అబ్జర్వర్ని.

అక్టోబర్ 23, ఆదివారం

గొంతు నొప్పా అని ఆర్నాల్డ్ అడిగాడు. పొద్దుటి నుంచి నా నోట్లోంచి ఒక్క మాటా రాలేదట.

అక్టోబర్ 25, మంగళవారం

చెప్పకపోతే ఆర్నాల్డ్ పనిమంతుడుగానే మిగులుతాడు, నేను నానమ్మగానే మిగులుతాను. బెస్ మాత్రం ఆ క్లచ్‌ని జీవితాంతం వదులుతూనే ఉంటుంది. డిన్స్‌డేల్ బండి కూడా ఏదో ఒక బండ ఎక్కుతుంది.

ఆసుపత్రికి వెళ్లి అరచంద్రం దాని అరచేతిలో పెట్టాను. అంతా చెప్పాను. నా ప్రశ్న కూడా.

ముక్కను వేళ్లతో తిప్పి తిప్పి చూసింది. తర్వాత, తాతయ్య సరిగ్గానే చెప్పాడా అని అడిగింది. సరిగ్గానే చెప్పాడు, గురువారమే అన్నాను. పోనీలే, ఒకరైనా పాసయ్యారు అంది. నవ్వలేదు. ఆ నోరు దానికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

నేను కోటు వేసుకుంటుంటే, నాన్నకు నువ్వే చెప్పు అంది. తాతయ్యకు మాత్రం చెప్పకు, రోజూ కొత్తగా చెప్పాల్సి వస్తుంది అంది. ముక్క నా చేతికి ఇచ్చేసింది. మళ్లీ ఎప్పుడొస్తావని అడగలేదు.

అక్టోబర్ 26, బుధవారం

క్లైవ్ గుమ్మంలోనే నిలబడి విన్నాడు. అమ్మా అని ఒక్కసారి అన్నాడు. డిన్స్‌డేల్ బండిని వ్యాన్‌లో ఎక్కించుకుని, షెడ్డుకి తాళం వేసి వెళ్లిపోయాడు.

ఎవడే తాళం వేసింది అని ఆర్నాల్డ్ అరిచాడు. నేనే వేయించాను అన్నాను. నేనేం తప్పు చేశానే అన్నాడు.

నువ్వు కాదు అన్నాను. అది నిజమే.

అక్టోబర్ 27, గురువారం

తాళం పట్టుకు లాగుతూ, ఇవాళ ఏం వారమే అని ఆర్నాల్డ్ అడిగాడు.

నా పెదవుల మధ్య అరచంద్రం ఉంది. పలకలేదు.