తిరగేసిన చొక్కాలు

ఏప్రిల్ 8

తొమ్మిది ట్రిప్పులయ్యాయి. ఒక్క ఫిర్యాదు లేదు. ఇంకొక్కటి సవ్యంగా అయితే గైడు బ్యాడ్జి నాది. మా లోయలో ఇంతవరకు ఆడపిల్లకి బ్యాడ్జి లేదు. గైడ్ల సంఘం పెద్ద క్రిస్పులో మామయ్య, అమ్మకి సొంత తమ్ముడే, "నీ కాళ్ళకి వంక పెట్టలేను గ్లైజా, ఆ నోటితోనే భయం" అన్నాడు. భయపడనీ.

బీచిలో నోనోయ్ అన్న పొద్దున్నించీ కరోకే మైకు పెట్టుకుని గొంతు చించుకుంటున్నాడు. ఆపించమని అర్జీ రాసి ఊరంతా తిప్పాను. సంతకాలు ఒకటి. నాదే.

ఏప్రిల్ 9

కొండమీద వదిలిన ప్లాస్టిక్ మన మునిమనవళ్ళ కంటే ఎక్కువకాలం ఉంటుందట. కరపత్రంలో చదివాక నిద్రపట్టలేదు. తెల్లారగానే ఎక్కి, చెట్లకి కట్టిన ఎర్ర ప్లాస్టిక్ రిబ్బన్లన్నీ పీకేశాను. రెండు సంచులు నిండాయి. ఎవరినీ అడగలేదు. మంచిపనికి అనుమతేమిటి?

దారి గుర్తులే అవి. తెలుసు. పుట్టి పెరిగిన కొండకి నాకు గుర్తులెందుకు?

ఏప్రిల్ 9, సాయంత్రం

దారి మొదట్లో కాల్చిన అరటిపళ్ళు అమ్మే సిద్రా అమ్మమ్మ సంచులు చూసింది. దారి తప్పితే చొక్కా తిరగేసి తొడుక్కోమంది. మనుషుల్ని కొండలో గిరగిరా తిప్పే గుర్రపుతల దయ్యంగాడు అప్పుడు గుర్తుపట్టలేక వదిలేస్తాడట. ఊళ్ళో అందరూ నమ్ముతారు, మామయ్యతో సహా. బట్టకీ దిక్కుకీ ఏం సంబంధం అని అరిచాను. "అరిస్తే ఆకలేస్తుంది, ఇదిగో తిను" అంది.

తిన్నాను. ఆకలి వేసింది కాబట్టి.

ఏప్రిల్ 10

పదో ట్రిప్. మనీలా నుంచి ఏడుగురు రిటైరైన టీచరమ్మలు. పదిరోజులు బీచిలోనే మకాం. అందరికంటే పెద్దావిడ పెర్పెతువా టీచర్‌కి డెబ్బైయొకటి. లెక్కలు చెప్పేదట.

పొద్దున లోయలో ఎంత బాగుందో! దున్నపోతు వీపులాంటి రాయి మీద ఆవిణ్ణి నిలబెట్టి, కింద మడుగులోకి దూకడానికి మూడు లెక్కపెడుతున్నా. రెండుకే దూకేసింది. నీళ్ళలోంచి తల పైకెత్తి, "నాకే లెక్కలు చెప్తావా పిల్లా!" అని కేక. మిగతా ఆరుగురూ మామిడికాయలు రాలినట్టు దబదబా దూకారు. నేనూ దూకాను. బ్యాడ్జి సంగతే మర్చిపోయాను.

మధ్యాహ్నం గట్టెక్కి సముద్రం వైపు తిరిగాం. మబ్బు దిగింది. పది అడుగుల అవతల ఏమీ లేదు. పడిపోయిన చెట్టొకటి దాటాం. మళ్ళీ అదే చెట్టు. మూడోసారి కూడా అదే. ఒకావిడ "ఇది కూడా ప్యాకేజీలోదేనా అమ్మాయ్?" అంది. ఇంకొకావిడ ఆ చెట్టుకి పేరు పెట్టేసింది.

సిద్రా అమ్మమ్మ పొద్దున వీళ్ళకీ అరటిపళ్ళతోపాటు ఆ చిట్కా చెప్పిందట. పెర్పెతువా టీచర్ చొక్కా విప్పి తిరగేసింది. మిగతావాళ్ళూ అంతే. నేను చెయ్యనన్నాను. మూఢనమ్మకం, శాస్త్రీయ దృక్పథం, అన్నీ ఏకరువు పెట్టాను. నలభయ్యేళ్ళు పిల్లల సాకులు విన్న ముఖాలతో విన్నారు. "అయిందా తల్లీ? ఇక చొక్కా తిప్పు" అంది పెర్పెతువా టీచర్.

తిప్పాను. బొత్తాలు లోపలికి పోయి పెట్టుకోవడం రాక తంటాలు పడుతుంటే ఏడుగురూ చెట్టుమీద కూలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ ఊపిరాడక అందరం ఊరుకున్నాం.

ఆ నిశ్శబ్దంలో, ఎడమవైపు కింద ఎక్కడో, నోనోయ్ అన్న గొంతు. శ్రుతీ లేదు, తాళమూ లేదు. అంత కమ్మటి పాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. దాన్ని పట్టుకునే దిగిపోయాం.

చొక్కాలు మళ్ళీ తిప్పుకోవడం ఎవరికీ గుర్తులేదు.

మా ఊళ్ళో అది దారి తప్పామని నుదుటిమీద రాసుకున్నట్టే. నోనోయ్ అన్న పాట ఆపి మైకులో "దారి తప్పినవాళ్ళొచ్చారోయ్!" అన్నాడు. బీచంతా ఒకటే ఈలలు. మామయ్య వచ్చాడు. పెర్పెతువా టీచర్ ముందుకొచ్చి, ఎండకి వెలిసిపోతాయని తిప్పుకున్నాం అంది. మబ్బులోంచి వచ్చి! నా కోసం ఆ వయసులో అబద్ధం. నాకు ఒళ్ళు మండింది. దారి తప్పించింది నేనే, గంటన్నర తిప్పాను, రిబ్బన్లు పీకిందీ నేనే అని అరిచేశాను.

ఏప్రిల్ 11

తీర్పు: తొమ్మిది ట్రిప్పులూ రద్దు. మళ్ళీ ఒకటి నుంచి. మేనకోడలినని చూడకు, న్యాయం న్యాయమే అని గట్టిగా వాదించాను. "శిక్ష వేసింది నేను, మధ్యలో నువ్వెందుకే అరుస్తావు?" అన్నాడు. పోతూపోతూ, ఒక్కమాట అడిగుంటే నేనూ వచ్చి పీకేవాణ్ణి కదే అన్నాడు.

కరపత్రం వెనక్కి తిప్పి, అడగాల్సినవాళ్ళ పేర్లు రాయడం మొదలుపెట్టాను.

ఏప్రిల్ 14

అరటినార పీలికలకి ఎర్రరంగు అద్ది చెట్టుచెట్టుకీ కడుతున్నా. అందర్నీ అడిగే. నోనోయ్ అన్న నిచ్చెన పట్టుకున్నాడు. అర్జీ చించేశానని చెప్పాను. ఆనందం పట్టలేక పాడాడు. చించకుండా ఉండాల్సింది.

ఏప్రిల్ 17, ఉదయం 6

మళ్ళీ మొదటి ట్రిప్. ఏడుగురు. జీప్నీ బండిలోంచి ముందు పెర్పెతువా టీచర్ దిగింది.

అందరి చొక్కాల కుట్లూ బయటికే ఉన్నాయి.