ఖాళీ డబ్బా

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇబ్రహీంపట్నంలో నీ బ్యాటరీ షాపు మూసేశాక, కార్ల బ్యాటరీలు తయారుచేసే కంపెనీలో టెక్నీషియన్ ఉద్యోగం కోసమని ట్రైనింగులో చేరాను. ఇవాళ సర్టిఫికెట్లు ఇచ్చారు.

చూసుంటే నువ్వు థూ అని ఉమ్మేసేవాడివి. మాకు తెల్ల కోట్లు తొడిగి, ఒక్కరోజూ నడవని మెషిన్ ముందు నిలబెట్టి ఫోటోలు తీశారు. ఫోటో కోసం మా సారు బ్యాటరీ మూత తీసి లోపల చెయ్యి పెట్టాడు. వేలికి లావుపాటి బంగారు ఉంగరం. అట్లాగే ఉంగరం బ్యాటరీ రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలి, కరెంటు పారి నీ వేలి చుట్టూ పడిన కాలిన మచ్చ గుర్తొచ్చింది.

"సార్, ఉంగరం తియ్యుండ్రి. వేలు కాలుతది," అన్నాను.

ఆయన నవ్వాడు. "దీంట్ల చార్జింగ్ ఏడిదమ్మా? మొదటి రోజు నుంచి ఖాళీ డబ్బానే గిది."

ఆ డబ్బాను ముట్టుకునే ముందు మూడు నెలలపాటు రోజూ, నువ్వు నేర్పినట్టే, ఉంగరం తీసి చున్నీకి ముడేసుకున్నాను. ఖాళీ డబ్బాకు అన్నాళ్లు జాగ్రత్తపడ్డందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

నాతోపాటు నేర్చుకున్న లావణ్య చేతికి రెండు ఉంగరాలు. సోమవారం కంపెనీలో చేరుతోంది. అక్కడ డబ్బాలు ఖాళీగా ఉండవు. బస్టాండులో కూర్చోబెట్టి నీ వేలి సంగతి చెప్పాను.

"గిది క్లాసుల ఎందుకు చెప్పలేదే?" అంటూ ఉంగరాలు రెండూ తీసి పర్సులో వేసుకుంది.

మూడు నెలల కోర్సులో జరిగిన పాఠం అదొక్కటే బాపూ. అదీ నువ్వు చెప్పిందే.

నీ బిడ్డ