చేతివాటం

కోస్గి,
ఆగస్టు 1, 1961

పాలమూరు ఫోటో స్టూడియో యజమాని రామచంద్రయ్య గారికి ఆండాళమ్మ రాయునది.

మీ కార్డులో రెండు తప్పులున్నాయి. మొదటిది, రఘుపతి మా అబ్బాయి కాడు, మనుమడు. మా అబ్బాయి సిద్దయ్య, వాడి తండ్రి. రెండవది, "మీవాడికి చేతివాటం వచ్చింది, ఇంటి పెద్దలతో ఒక మాట మాట్లాడాలి" అన్నారు. దొంగబుద్ధికి పెట్టిన ముద్దుపేరు నాకూ తెలుసు. మా ఇంట్లో ఎవరికీ ఆ వాటం లేదు. మీ దగ్గర చేరాక వచ్చిందంటే మీ దగ్గర నేర్చిందే అయి ఉండాలి.

ఇంతకూ ఏం పోయింది? కెమెరానా, దాని మీది నల్లగుడ్డనా?

వాడిని ఆ పనికి పంపింది నేను. అది కూడా ఒక పనేనని సిద్దయ్యకు నమ్మకం లేదు. కొడుకు కోసం ముందరి గదిలో మగ్గం గుంట తవ్వించి పెట్టుకున్నాడు. మీ కార్డు వాడి కంట పడితే రఘుపతిని తీసుకొచ్చి ఆ గుంటలో కూర్చోబెడతాడు. పిల్లవాడు మళ్ళీ కెమెరా ముఖం చూడడు. అందుకని బియ్యం డబ్బాలో దాచాను.

ఇట్లు,
కుశలమని రాయలేని
ఆండాళమ్మ

తా.క. ఇటువంటి సంగతులు కార్డు మీద రాయకండి. మా పోస్టుమ్యాన్‌కు చదువు వచ్చు. కార్డు ఇవ్వకముందే నన్ను ఓదార్చాడు.


పాలమూరు,
ఆగస్టు 5

అమ్మా ఆండాళమ్మ గారికి రామచంద్రయ్య నమస్కరించి రాయునది.

ఏదీ పోలేదు. రఘుపతి బుద్ధిమంతుడు. అతని పద్ధతే వేరు, అది చెప్పాలనే రాశాను. నేనైతే మనిషిని స్టూలు పక్కన నిలబెట్టి, గడ్డం ఎత్తమని, ఊపిరి బిగబట్టమని చెప్పి ఎదురుగానే తీస్తాను. అతను ముందు "అయిపోయింది" అంటాడు. వాళ్ళు ఊపిరి వదిలి, పక్కకు తిరిగి చెప్పులు వెతుక్కునేటప్పుడు తీస్తాడు. తీసినట్టు ఎవరికీ తెలియదు.

మొన్న ఒక పెద్ద అధికారి భార్య మెడలో గొలుసు సర్దుకుంటుంటే చటుక్కున తీశాడు. ఆమె తర్వాత చూసుకుని, భర్తను వెంటబెట్టుకొచ్చి రఘుపతిని పిలవమంది. ఇప్పుడు బజారంతా అతని పేరే. నిజం చెప్పాలంటే నాకు కూడా అంత బాగా చేతకాదు.

మీ ఆశీస్సులు కోరే
రామచంద్రయ్య

తా.క. ఇదంతా ఎక్కడ నేర్చావని అడిగాను. "మా అవ్వను చూసి నేర్చిన" అన్నాడు.


కోస్గి,
ఆగస్టు 9

రామచంద్రయ్య గారికి,

మెడలో గొలుసు వరకూ వచ్చిందన్నమాట. ఎదురుగా నిలబడి తీసే మీరు పెద్దమనుషులు, పక్కకు తిరిగాక తీసే మావాడు దొంగ. అదీగాక నేర్పింది నేను. ఈ వయసులో నాకు ఇంత పేరు తెచ్చినందుకు కృతజ్ఞతలు. చెప్పులు వెతుక్కునే మనిషి దగ్గర తీయడానికి ఏముంటుందో మాత్రం అంతుపట్టలేదు.

ఇక్కడ దాచడం అయిపోయింది. పోస్టుమ్యాన్ సిద్దయ్యను కూడా ఓదార్చాడు. మగ్గం మీది చీర నేత పూర్తయి కోయగానే, ఇరవై ఒకటో తేదీ సోమవారం బస్సుకు వస్తానంటున్నాడు. "గా పోరన్ని తోల్కొస్త, గా దుకాణం మొకం ఇగ సూడనియ్య" అన్నాడు. అన్నం కూడా సరిగా తినలేదు.

కాబట్టి వివరంగా రాయండి. వాడు ఏం తీశాడు, ఎట్లా తీశాడు, వాడిని ఏం చేయదలచుకున్నారు, అన్నీ ఎంత మొండి తండ్రికైనా తలకెక్కేటట్టు ఉండాలి. తీసినవాటిలో ఒకటి సాక్ష్యానికి పంపండి.

ఇట్లు,
మీరు ముఠానాయకురాలిని చేసిన
ఆండాళమ్మ

తా.క. ఈసారి కవరు వాడండి. జిగురు ఎక్కువ పెట్టండి.


పాలమూరు,
ఆగస్టు 12

అమ్మా, మీ పాదాలకు నమస్కారం.

గొలుసు ఆమె మెడలోనే ఉంది. రఘుపతి తీసింది ఫోటో. ఇప్పటిదాకా అతను తీసినవన్నీ ఫోటోలే.

మాది నల్గొండ వైపు సాలె ఇల్లు. మా పెద్దలు నేత చూసి "ఇది ఫలానా ఆయన చేతివాటం" అంటారు. ఎవరి చేతి తీరు వారిదని అర్థం. ఆ మాటే రాశాను. నేను ఇన్నేళ్ళుగా ఫోటోలు తీస్తున్నాను. పది మంది తీసినవాటిలో కలిపేస్తే నావి నేనే గుర్తుపట్టలేను. రఘుపతివి అట్లా కాదు. అందులో ఎవరూ ఫోటోకు నిలబడి ఉండరు, తమ మానాన తాము ఉంటారు. కింద పేరు అక్కర్లేదు. ఆ అధికారి భార్య తన బొమ్మ చూసి, "పెండ్లికి ముందు నేను గిట్లనే ఉంటుంటి" అంది. మరునాడు భర్తకు కూడా అట్లాగే తీయాలని తీసుకొచ్చింది.

మీతో మాట్లాడాలనుకున్న మాట ఇది. హాలియా దగ్గర సాగర్ కాలువ పనులతో జనం పెరిగారు. అక్కడ ఒక స్టూడియో పెడుతున్నాను. రఘుపతిని కూర్చోబెట్టి, బోర్డు మీద అతని పేరే రాయించాలని ఉంది. దానికి పెద్దల అనుమతి కావాలి.

సాక్ష్యానికి మీ ఫోటోనే పంపుతున్నాను. పోయిన ఎండాకాలం ఇంటికి వచ్చినప్పుడు తీశాడట.

ఇట్లు,
భయంతో
రామచంద్రయ్య

తా.క. సిద్దయ్య గారికి సోమవారం లోపలే చెప్పండి. ఆయన చెయ్యి చాలా బరువని రఘుపతి అన్నాడు.


కోస్గి,
ఆగస్టు 16

నాయనా రామచంద్రయ్యా, ఆశీస్సులు.

చేతివాటం అని నువ్వు ఏ అర్థంలో రాశావో కార్డు చూసిననాడే తెలిసింది. నేనూ సాలెవాళ్ళ ఆడపడుచునే, పైగా ఇంట్లో నిఘంటువు ఉంది. కానీ మావాడు ఎట్లా చేస్తున్నాడని మర్యాదగా అడిగితే ఏమని రాస్తావు? నిరుడు అడిగాను. "బాగానే" అని రాశావు. ఆ ఒక్క మాటకు సిద్దయ్య మగ్గం గుంట పూడ్చడు. మంచి చెప్పమంటే మనుషులు ఒక ముక్కతో సరిపెడతారు, తప్పు పడితే పేజీలు నింపుతారు. అందుకని తప్పు పట్టాను. మావాడు నన్ను చూసి నేర్చిందీ ఇదే.

నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. సిద్దయ్య ఫోటో తీసుకుని గడప దగ్గర వెలుతురులోకి పోయాడు. అందులో నేను ఎవరినో తిడుతూ మధ్యలో ఆగి, తర్వాతి మాట వెతుక్కుంటున్నాను. చాలాసేపు చూసి, "అమ్మా, నువ్వు గిట్లనే ఉంటవే. దినాం సూస్తనే ఉన్న గని, ఎన్నడు సూడలే" అన్నాడు. కాసేపటికి, "పోరడు హాలియల ఏడ ఉంటడు? జాగ మంచిదేనా?" అని అడిగాడు. వాడి భాషలో అది అనుమతే. సోమవారం వస్తున్నాడు, తీసుకుపోవడానికి కాదు, హాలియా చూసి రావడానికి.

రఘుపతికి ఒక మాట చెప్పు. పేరొచ్చింది కదా అని అందరినీ చెప్పులు వెతుక్కుంటుండగానే తీయొద్దు. కొందరు నిటారుగా నిలబడ్డప్పుడే వాళ్ళలాగా ఉంటారు. ఏ మనిషి ఎక్కడ దొరుకుతాడో వెతకడమే వాడి వాటం అనుకోమను.

శుభం కోరుతూ,
ఆండాళమ్మ

తా.క. సిద్దయ్య తిరిగి వచ్చేటప్పుడు సిరాబిళ్ళలు కొనిపించి పంపు. నీకు రాయడంతోనే ఉన్నవి అయిపోయాయి. నీలివే ఇమ్మను, దుకాణంలో దగ్గరుండి చూడు. పోయినసారి సిద్దయ్య ఎర్రవి తెచ్చాడు. ఎవరికి రాసినా పరీక్ష కాగితం దిద్ది పంపినట్టే ఉందని చుట్టాలు నొచ్చుకున్నారు.