చాపిన చెయ్యి

కలకత్తా

పూజ్యుడైన అన్నకు తమ్ముడు గురవయ్య నమస్కారాలు. మన ఊరు నగరిలో అమ్మ, నువ్వు, వదిన, పిల్లలు అందరూ కుశలమని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారు పడొద్దు, బాగానే ఉన్నాను.

యుద్ధంతో ఆగిపోయిన నూలు మళ్లీ వస్తోందని, నా మగ్గం దులిపి పెట్టానని, వెంటనే బయలుదేరమని రాశావు. ఆ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. జవాబు రాయడానికి చెయ్యి రాలేదు.

అమెరికా సోల్జర్ల క్యాంపులో గిన్నెలు తోముతున్నానని ముందే రాశాను గదా. వాన విడవడం లేదు. ఏ కూర తిన్నా ఆవనూనె వాసన. సంగటి ముద్ద కలలోకి వస్తోంది. తెలుగు మాటకు మన జిల్లా ఐరాల నుంచి వచ్చిన వంటమనిషి మునిరత్నం ఒక్కడే దిక్కు.

ఇక్కడ ఫ్రాంక్ దొర అని ఒకడున్నాడు. యుద్ధానికి ముందు బేస్‌బాల్ ఆడటమే అతని ఉద్యోగం. కర్రతో కొట్టిన బంతి నేలమీద దూసుకొస్తుంటే అడ్డుపడి పట్టుకునే చోటు అతనిది. షార్ట్‌స్టాప్ అంటారు. తొమ్మిదేళ్లు ఊరూరా తిరిగి జీతానికి ఆడాడట. బర్మాలో మోకాలు చితికింది. ఇక ఆడలేడు. సాయంత్రాలు గట్టుమీద కూర్చుని మిగతావాళ్ల ఆట చూస్తూ, బంతి పట్టడానికి ఎడమచేతికి వేసుకునే తన తోలుతొడుగుకు నూనె రాస్తుంటాడు.

జారిపడే పళ్లేన్ని నేను గాలిలో అందుకోవడం చూసి, ఒకరోజు తన చోట నన్ను నిలబెట్టాడు. తొడుగు నా ఎడమచేతికి తొడిగాడు. నాకూ పొగరెక్కింది. మగ్గంలో పేక నూలు మోసే నాడెను అటూ ఇటూ ఆడించిన చేతికి ఈ బంతి ఎంత అనుకున్నాను.

చిన్నప్పుడు ఏదైనా అందుకోవడానికి ఎడమచెయ్యి చాపితే అమ్మ చేతిమీద ఒక్కటి వేసేది. "యాడ నేర్చినావురా? కుడిచెయ్యి సాపు!" అనేది. బంతి వచ్చింది. కుడిచెయ్యే చాపాను.

"ఏమప్పా, తోలు ఆ చేతికి గదా ఉండాది! ఒట్టిచెయ్యి ఎందుకు పెడితివి?" అని మునిరత్నం మొత్తుకున్నాడు. ఫ్రాంక్ దొర నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటీ తడిమాడు. రెండింటి దగ్గర ఆగి, తల దించుకున్నాడు.

నెల దాటింది. ఆ రెండు వేళ్లూ వంగవు. తెగిన పోగును ముడివేయలేనివాడు మగ్గంలో కూర్చుని ఏం చేస్తాడు అన్నా? నా మగ్గం వదిన తమ్ముడికి ఇచ్చెయ్యి. గిన్నెలు తోమడానికి మిగిలిన వేళ్లు చాలు.

కాణిపాకం వెళితే నా పేరున ఒక కొబ్బరికాయ కొట్టు. అమ్మకు చదివి వినిపించేటప్పుడు వేళ్లు తలుపులో పడ్డాయని చెప్పు. కుడిచెయ్యి చాపానని మాత్రం చెప్పొద్దు. తను కొట్టి నేర్పినందుకే ఇలా అయిందని ఏడుస్తుంది.

అమ్మ పాదాలకు, వదినకు నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు. ఎడమచేత్తో రాశాను, తప్పు పట్టొద్దు.

నీ తమ్ముడు
గురవయ్య