ఖాళీ చోటు ఎవరిది

చిరంజీవి మేనల్లుడికి నీ మామయ్య దీవెనలు.

ఆపరేషన్‌లో నా గొంతు పోయాక, పాత ప్రసంగాలన్నీ ఒక యంత్రానికి నేర్పించి మన ప్రార్థన మందిరంలో పెట్టావు. ఆదివారం వెనక బల్ల మీద కూర్చుని విన్నాను. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము బంగారంలా తేలుతోంది. నా గొంతే ఏటి అవతలి ఒడ్డు నుంచి వస్తున్నట్టుంది. అదే నిప్పు, ఒక్క వాక్యమూ తడబడలేదు. నిద్రలో నన్ను నేనే చూసుకుంటున్నట్టు అనిపించింది.

చివర్లో అది అచ్చం నాలాగే, "మీ పక్కన ఖాళీగా ఉన్న చోటు ఎవరిది?" అని అడిగి ఊరుకుంది. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. నా పక్కన ఖాళీగా ఉన్న చోటు మన దర్జీ చెల్లెమ్మది. అలా అడిగిన ప్రతిసారీ నేను తిన్నగా ఆ రానివాళ్ళ ఇంటికి పోయేవాణ్ణని నీకు తెలుసు. ఈసారీ పోయాను. ఆమె జ్వరంతో పడి ఉంది, మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. నన్ను చూసి నవ్వింది.

"గొంతు పెట్టెలో పెట్టేశారటగా అన్నయ్యా, కాళ్ళు మిగిల్చారా?"

తప్పిపోయిన గొర్రె కోసం కాపరి గొంతు ఒక్కటే వెళ్ళలేదు నాయనా. ఇక ఎప్పటికీ ఆ పెట్టే ప్రసంగించాలని సంఘ పెద్దలంటున్నారు, కానివ్వు. ఆ ఒక్క ప్రశ్న మాత్రం దానిచేత అడిగించకు. అడిగినవాడు వెళ్ళాలి. వచ్చే ఆదివారం ఆ ప్రశ్నను పలక మీద రాసి నేనే ఎత్తి చూపిస్తాను.